కవచం హీరో బొమ్మ, దాని కంప్యూటర్ ఆట: రెండూ మళ్ళీ నడిపించుకోవడం ఎలా?

సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుకు బొమ్మలతో పనేమిటి అంటారేమో. నా బల్లమీద ఫోన్ల ట్రే పక్కనే బొమ్మలకూ ఒక డబ్బా ఉంది. మాది కావలి, ట్రంకు రోడ్డు నుంచి లోపలికి వచ్చే సందు. ఫోన్ల కొట్టు కాకముందు ఇదే గదిలో నెట్ సెంటర్ నడిపాను. బడి వదలగానే పిల్లలు వచ్చి, బ్యాగులు మూలన పడేసి, గంటకు డబ్బులిచ్చి ఐరన్ మ్యాన్ ఆటో, పవర్ రేంజర్స్ ఆటో పెట్టుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళకే ఇప్పుడు పెళ్ళిళ్ళై పిల్లలు పుట్టారు. చెయ్యి ఊడిన బొమ్మ పట్టుకుని వస్తారు. "అన్నా, ఇది అతుకుతుందా?" అని మొదలుపెట్టి, వెళ్ళబోతూ "అన్నట్టు అప్పుడు మేం ఆడిన ఆట ఇప్పుడు వస్తుందా?" అని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకూ రోజూ నోటితో చెప్పే జవాబే ఇక్కడ రాస్తున్నాను.

కంపెనీవాళ్ళు ఈ రెంటినీ జంటగానే అమ్మారు. బొమ్మ డబ్బా వెనక వెబ్‌సైట్ పేరు ఉండేది, ఆ సైట్‌లో అదే హీరోతో ఉచితంగా ఆడుకునే ఆట ఉండేది. ఇప్పుడు రెండూ పాడైనట్టు కనిపిస్తాయి. కానీ నా చేతికి వచ్చిన వాటిలో చాలావరకు అసలు వస్తువు బాగానే ఉంటుంది. బొమ్మకు కీలో, సెల్లు తగిలే రేకో పోయి ఉంటుంది. ఆటకు దాన్ని నడిపించే ప్లేయర్ పోయింది. ఆ ఒక్కటి చూసుకుంటే చాలు.

కొనేటప్పుడు

ఇంకా కొనలేదంటే, అట్టపెట్టె మీది ఫోటో చూసి కొనకండి. బొమ్మ ఎన్నిచోట్ల వంగుతుందో లెక్కపెట్టండి. ఐరన్ మ్యాన్‌నే తీసుకుందాం. 1963లో కామిక్స్‌లో పుట్టాడు. 2008లో సినిమా వచ్చాక మన వీధుల్లో కూడా తెలిశాడు. హాస్‌బ్రో కంపెనీ ఆయన్నే రకరకాల సైజుల్లో అమ్మింది. టైటాన్ హీరో అనే రకం పన్నెండు అంగుళాలు ఉంటుంది. మెడ, భుజాలు, తొడలు, ఈ ఐదు చోట్లే తిరుగుతుంది, మోచెయ్యి వంగదు. మార్వెల్ లెజెండ్స్ రకం ఆరంగుళాలే, కానీ మోచెయ్యి, మణికట్టు, మోకాలు, చీలమండ అన్నీ కదులుతాయి. రేటు కూడా దానికే ఎక్కువ. "పెద్దది తక్కువకొస్తుంటే చిన్నదానికి అంతెందుకు?" అని తాతలు కొట్టువాడితో వాదనకు దిగుతారు. డబ్బులు సైజుకు కాదు తాతా, కీళ్ళకు.

నాలుగైదేళ్ళ పిల్లాడికైతే నా ఓటు ఆ పెద్దదానికే. అందులో ఊడిపోయే ముక్కలు తక్కువ. నేలకేసి కొట్టినా, మేడమీద నుంచి విసిరినా మళ్ళీ నిలబడుతుంది. ఆరంగుళాల దానికి విడి చేతులు, ముసుగు లాంటి చిన్న చిన్న ముక్కలుంటాయి. పదేళ్ళు దాటి, బొమ్మను ఒక భంగిమలో నిలబెట్టి దూరం నుంచి చూసి మురిసిపోయే వయసు వచ్చాక అది కొనండి. మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో ఆ చిన్న ముక్కలు నేలమీద ఉండకూడదు, నోట్లో పెట్టుకుంటారు.

ఐఎస్‌ఐ గుర్తు తప్పకుండా చూడండి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ళలోపు పిల్లల ఆటబొమ్మలకు అది తప్పనిసరి. గుర్తుతో పాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఫోన్లో ఆ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థ యాప్ ‘బీఐఎస్ కేర్’ వేసుకుని ఆ నంబరు కొడితే ఏ కంపెనీదో, ఏ వస్తువుకు ఇచ్చారో వస్తుంది. నంబరు లేకుండా ఉత్త గుర్తు మాత్రమే ఉంటే అది ఎవరైనా అచ్చేసుకోగల స్టిక్కరు.

నెల్లూరులో రొట్టెల పండగకు స్వర్ణాల చెరువు దగ్గరకు పోయినా, మన ఊళ్ళ తిరునాళ్ళకు పోయినా అంగళ్ళలో ఎర్ర కవచాల బొమ్మలు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. వాటిని కొనొద్దని నేననను. పిల్లాణ్ణి వెంటపెట్టుకుని పోయి ఉత్తచేతులతో తిరిగి రావడం ఎవరివల్లా కాదు. కొనేముందు మూడు పనులు చెయ్యండి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి, తల తిప్పే ఘాటు వాసన వస్తే పక్కన పెట్టండి. తడి వేలితో రంగు గట్టిగా రుద్దండి, వేలికి ఎరుపు అంటితే రేపు అది పిల్లాడి నోట్లోకి పోతుంది. రెండు అచ్చులు కలిసే గీత వెంబడి గోరు పోనివ్వండి, గీసుకుంటే వద్దు.

అసలు కంపెనీ బొమ్మకైతే పాదం కిందో, కాలి వెనకో, నడుము దగ్గరో చిన్న అక్షరాల్లో కంపెనీ పేరు, ఒక సంవత్సరం అచ్చై ఉంటాయి. ఆ సంవత్సరం డిజైన్ హక్కుది, బొమ్మ తయారైన ఏడాది అదే కానక్కర్లేదు. పాతది అని చెప్పి ఎక్కువ రేటు అడిగేవాళ్ళు ఆ అంకెనే చూపిస్తారు, పడిపోకండి. ఇక ఆన్‌లైన్. ఒక అమ్మకందారు నాకు ‘ఒరిజినల్’ అని పంపినదానిమీద హీరో పేరులోనే ఒక అక్షరం మింగేశారు. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, వాపసు అడగడానికి అదే సాక్ష్యం.

కీళ్ళు

నా దగ్గరికొచ్చే బొమ్మల్లో ఎక్కువ భాగం కీళ్ళ కేసులే. ఏ జబ్బో తెలిసేముందు ఏ ప్లాస్టిక్కో తెలియాలి. గోటితో కొట్టి చూడండి. టక్కుమని గట్టిగా మోగితే ఏబీఎస్. కవచం పలకలు, కీళ్ళు చాలావరకు అదే. మొద్దుగా మోగి, నొక్కితే కాస్త లొంగితే పీవీసీ. కాళ్ళు, చేతులు, ముసుగు అంచులు అలా ఉంటాయి. ఏబీఎస్ విరుగుతుంది. పీవీసీ వంగుతుంది.

బిగుసుకుపోయిన కీలును బలంగా తిప్పకండి. కొత్త బొమ్మలో కూడా రంగు కీలులోకి కారి అతుక్కుని ఉంటుంది. పిల్లాడు ‘ఇవ్వు నాన్నా, నేను చూస్తా’ అన్న నాన్నకిచ్చాడంటే అక్కడే మోచెయ్యి రెండు ముక్కలు. గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, దించి, పొంగు చల్లారాక ఆ కీలు వరకే అరనిమిషం ముంచండి. తర్వాత కీలుకు అటూ ఇటూ దగ్గరగా, రెండు చేతుల బొటనవేళ్ళతో పట్టుకుని కొద్దికొద్దిగా కదపండి. వేళ్ళు దూరంగా పెడితే బలం అంతా మధ్యలో సన్నని కడ్డీ మీద పడుతుంది. లోపల లైటో శబ్దమో ఉన్న బొమ్మను నీళ్ళలో ముంచకండి, జుట్టు ఆరబెట్టుకునే డ్రయర్ చాలు. నా దగ్గరున్న హాట్ ఎయిర్ గన్ అడగొద్దు. ఏబీఎస్ 105 డిగ్రీల ప్రాంతంలోనే మెత్తబడుతుంది, ఆ గన్ నేను ఫోన్ బోర్డుల మీద 300 దాటించి వాడతాను.

కదలడం మొదలయ్యాక ఒక బొట్టు సిలికాన్ నూనె వేస్తే చాలు. మన ఇళ్ళలో ఏది బిగిసినా అమ్మమ్మ చేతిలోకి కొబ్బరినూనె సీసా వస్తుంది. అది బొమ్మకు వద్దు. నాలుగు రోజులకు దుమ్ము పట్టి జిడ్డు మడ్డి అవుతుంది. కుట్టుమిషన్ నూనె లాంటి పెట్రోలియం నూనెలు కొన్ని ప్లాస్టిక్కులను తినేస్తాయి.

భుజం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే కవచం బొమ్మల్లో ఎక్కువ విరిగేది అదే. భుజం మీద పెద్ద పలక ఒకటి కప్పి ఉంటుంది. మంచి రకాల్లో ఆ పలకకు దాని సొంత మడత కీలు ఉంటుంది. చెయ్యి పైకెత్తాలంటే ముందు పలకను గోటితో పైకి లేపాలి, తర్వాతే చెయ్యి. పలక లేపకుండా చెయ్యెత్తితే పలక అంచు మెడకు ఆనుకుంటుంది, ఇంకా ఎత్తితే పలక లోపలి సన్నని పిన్ను తెగుతుంది. బయటికి ఏమీ కనబడదు. పలక ఊరికే వేలాడుతుంటుంది. పిల్లాడికి మొదటిరోజే ఈ వరస చూపించండి. ఎగిరే భంగిమ పెట్టడం వాళ్ళకు ఎలాగూ ఇష్టం కాబట్టి శ్రద్ధగానే నేర్చుకుంటారు.

వదులైన కీలుకు మందు ఇంట్లోనే ఉంది. గుండు, గిన్నె లాంటి కీలైతే గుండును బయటికి లాగి, దానిమీద రంగులేని గోళ్ళ రంగు పల్చగా ఒక పూత వేసి, విడిగానే రాత్రంతా ఆరనివ్వండి. పూర్తిగా ఆరకముందే బిగిస్తే శాశ్వతంగా అతుక్కుపోతుంది. చాలకపోతే మర్నాడు ఇంకో పూత. కడ్డీ రంధ్రంలో దూరే రకమైతే కుళాయిలకు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు ఒకటిన్నర చుట్టు చుట్టి దూర్చండి. శానిటరీ కొట్లో పది, ఇరవై రూపాయలకు దొరికే టేపు, ఇంటిల్లిపాది బొమ్మలకు సరిపోతుంది. గోళ్ళ రంగు వాడమన్నాను కదా అని దాన్ని తుడిచే రిమూవర్ మాత్రం బొమ్మ దగ్గరికి రానివ్వకండి. అందులో అసిటోన్ ఉంటే ఏబీఎస్ కరిగిపోతుంది, హీరో ముఖం నున్నగా అయిపోతుంది. ఏ రిమూవరూ వద్దని గుర్తుపెట్టుకోండి.

వంగిపోయిన కాలుకు ఇంకా తేలిక. పీవీసీకి తాను పుట్టిన ఆకారం గుర్తుంటుంది. వేడినీళ్ళలో ముంచితే చాలావరకు తనంత తానే తిన్నగా అవుతుంది. మిగిలిన వంపు మీరు సరిచేసి వెంటనే చల్లటి నీళ్ళలో పెట్టి పట్టుకోండి.

పూర్తిగా విరిగిన కడ్డీని ఉత్త ఫెవిక్విక్‌తో అతికిస్తే ఒక్కరోజే. విరిగిన రెండు మొహాల్లోనూ చేతి డ్రిల్లుతో ఒక మిల్లీమీటరు రంధ్రం చేసి, పేపర్ క్లిప్పు తీగ ముక్క రెండింటినీ కలిపేలా దూర్చి, అప్పుడు జిగురు వెయ్యాలి. బలం తీగది. జిగురు తీగను పట్టుకుని ఉండటానికే. మెరిసే పూత ఉన్న పలక దగ్గర ఫెవిక్విక్ ఎక్కువ వేస్తే దాని ఆవిరి చుట్టూ తెల్లని పొగమచ్చలా దిగుతుంది, అది మళ్ళీ పోదు. ఆ మెరుపు పూతను స్పిరిట్‌తో తుడిచినా ఊడి వస్తుంది. తడిగుడ్డ చాలు.

తుమ్మలపెంట సముద్రానికి బొమ్మను తీసుకుపోయారా? ఇంటికి రాగానే కడగండి, రేపు అనొద్దు. ఇసుక రేణువు కీలులో ఉండగా తిప్పితే ఆకురాయి పెట్టి అరగదీసినట్టే, ఒక్క సాయంత్రానికి వదులైపోతుంది. సెల్లు తీసేసి, కీళ్ళను తిప్పకుండా ధారగా నీళ్ళు పోస్తూ పాత టూత్‌బ్రష్‌తో ఇసుక తీయండి. మన బోరు నీళ్ళు ఉప్పన, ఆరాక తెల్ల చారలు మిగులుస్తాయి. ఆఖరి కడుగుడు మాత్రం క్యాన్ నీళ్ళతో పెట్టుకోండి.

ఎండ సంగతి నెల్లూరు జిల్లావాళ్ళకు చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో కారు డ్యాష్‌బోర్డు మీద నిలబెట్టిన బొమ్మకు కాళ్ళు వాటంతటవే వంగుతాయి. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపిన పదార్థం ఆ వేడికి బయటికి ఊరుతుంది. బొమ్మ పట్టుకుంటే బంకబంకగా ఉంటే అదే. గిన్నెలు తోమే లిక్విడ్ వేసి గోరువెచ్చని నీళ్ళతో కడిగి, నీడన ఆరబెట్టి, కొంచెం టాల్కం పౌడర్ అద్దండి. పాలిథిన్ కవర్లో మూట కట్టి అటక మీద పెడితే ఇంకా బంక అవుతుంది. గాలి ఆడే అట్టపెట్టె మేలు.

బయోనికిల్ అని లెగో కంపెనీ బొమ్మలుండేవి. 2001లో వచ్చి 2010లో ఆగాయి, 2015లో మళ్ళీ వచ్చి మరుసటి ఏడాదే వెళ్ళిపోయాయి. ముసుగులు మార్చుకునే యాంత్రిక వీరులు. మన వైపు వీటిని నేను చూసింది గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళ సూట్‌కేసుల్లోనే. ఎక్కువగా గుండు కీళ్ళే. పాతవాటిని తిన్నగా లాగి ఊడదీస్తే గిన్నె అంచు చీలుతుంది, మెల్లగా ఒక పక్కకు ఒరిగించి తీయాలి. చీలినదానికి జిగురు పనిచెయ్యదు. ఇంకో బొమ్మ నుంచి అదే ముక్క తెచ్చి వెయ్యడమే. ముక్కలు ఒకదానికొకటి సరిపోవడం ఆ బొమ్మల గొప్ప.

లైటు, శబ్దం

ఛాతీలో లైటు వెలగదంటే ముందు సెల్లు. చాలా బొమ్మల్లో ఎల్‌ఆర్44 అనే గుండీ సెల్లు ఉంటాయి, కొట్లో ఏజీ13 అన్నా అవే ఇస్తారు. మల్టీమీటరులో 1.5 వోల్టులు చూపించాలి, 1.2కు పడిందంటే అయిపోయినట్టే. హీరో గొంతు బొంగురుపోయి సాగదీసి మాట్లాడుతుంటే మీటరు కూడా అక్కర్లేదు. కొత్త సెల్లు వేసినా రాకపోతే రేకుల మీద తెల్లగానో పచ్చగానో పూసిందేమో చూడండి. సముద్రపు గాలికి మన దగ్గర ఇది మామూలే. ఇయర్‌బడ్‌ను నిమ్మరసంలో ముంచి ఆ పూత మీద రుద్దండి. సెల్లులో నుంచి కారేది క్షారం కాబట్టి పులుపుకు విరుగుతుంది. తర్వాత స్పిరిట్‌తో తుడిచి, పెన్సిల్ రబ్బరుతో రేకు మెరిసేదాకా గీకండి. నాలుగైదు నెలలు ఆడకుండా పక్కన పెట్టే బొమ్మలో సెల్లు వదలొద్దు.

సెల్లు మూత స్క్రూ లేకుండా ఎప్పుడూ ఉండకూడదు. స్క్రూ పోతే నా దగ్గరికి రండి, డబ్బులు కూడా తీసుకోను. పిల్లలు గుండీ సెల్లు మింగితే, ముఖ్యంగా కాస్త పెద్దగా ఉండే లిథియం రకం గొంతులో ఇరుక్కుంటే, రెండు గంటల్లోనే లోపల కాలిపోయే పుండు చేస్తుంది. మింగాడన్న అనుమానం వచ్చినా చాలు. వాంతి చేయించకుండా, ‘విరేచనంలో పోతుందిలే’ అని ఎదురుచూడకుండా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తండి. వాడేసిన సెల్లుకు రెండు వైపులా టేపు అంటించి పారెయ్యండి.

ఇక ఆట

నెట్ సెంటర్ రోజుల్లో ఆ ఆటలన్నీ దాదాపుగా ఫ్లాష్ మీద నడిచేవి. బ్రౌజరులో ఫ్లాష్ ప్లేయర్ అనే చిన్న తోడు ప్రోగ్రాం ఉండేది, ఆట ఫైలు ఎస్‌డబ్ల్యూఎఫ్ రకంలో వచ్చేది. అడోబీ కంపెనీ 2017లోనే ఆపేస్తామని చెప్పి, 2020 డిసెంబరు 31తో మద్దతు ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయర్ తనంత తానే ఆటలను అడ్డుకోవడం మొదలుపెట్టింది. ఇళ్ళలో టేప్ రికార్డర్లు పోయి క్యాసెట్లు మిగిలిన పరిస్థితి అన్నమాట. మంచివాళ్ళు కొందరు క్యాసెట్లు దాచారు, ఇంకొందరు కొత్త టేప్ రికార్డరు చేశారు.

మొదలుపెట్టేముందు ఒకటి గట్టిగా చెప్పాలి. వెతుకుతుంటే ‘ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ చేసుకోండి’ అని మెరిసే బటన్లు వస్తాయి. నొక్కొద్దు. ఇప్పుడు అలాంటి అప్‌డేట్ ఏదీ లేదు, అడోబీ వాళ్ళే ఉన్నది తీసేయమని చెప్పారు. అలా నొక్కి వైరస్ ఎక్కించుకున్న ల్యాప్‌టాప్‌లు నా బల్లమీదికి వస్తూనే ఉన్నాయి. డబ్బు కట్టమన్న చోటికి కూడా పోవద్దు, నేను చెప్పబోయేవన్నీ ఉచితం.

కొత్త టేప్ రికార్డరు పేరు రఫుల్. ఇది బ్రౌజరు ఎక్స్‌టెన్షన్‌గానూ, కంప్యూటర్లో విడి ప్రోగ్రాంగానూ దొరుకుతుంది. క్రోమ్ వాళ్ళ ఎక్స్‌టెన్షన్ల దుకాణంలో వెతికి వేసుకుంటే, పాత పేజీలో ఫ్లాష్ ఆట కనబడగానే తనే నడిపిస్తుంది. మీ పాత హార్డ్ డిస్కులో ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైలు దొరికితే విడి ప్రోగ్రాంలో తెరవండి. 2000 తర్వాతి తొలి ఏళ్ళ ఆటలు చాలావరకు చక్కగా నడుస్తాయి, ఎందుకంటే అవి ఫ్లాష్ పాత భాషలో రాసినవి. ఆ తర్వాత యాక్షన్‌స్క్రిప్ట్ 3 అనే కొత్త భాషలో రాసినవి కొన్ని మధ్యలో మొండికేస్తాయి. అప్పుడు కంప్యూటరును తిట్టకుండా రెండో దారి పట్టండి.

రెండో దారి ఫ్లాష్‌పాయింట్ ఆర్కైవ్. 2018లో మొదలైన స్వచ్ఛంద పని. రెండు లక్షలకు పైగా ఆటలు, యానిమేషన్లు భద్రపరిచారు. ఫ్లాష్ ఒక్కటే కాదు, షాక్‌వేవ్, యూనిటీ ప్లేయర్ లాంటివాటి మీద నడిచినవి కూడా ఉన్నాయి. మా దగ్గర పిల్లలు ‘త్రీడీ ఆట’ అని పోట్లాడుకుని ఆడినవి కొన్ని ఆ రకాలే, వాటిని రఫుల్ నడపలేదు. ఫ్లాష్‌పాయింట్ రెండు రకాలుగా దొరుకుతుంది. అల్టిమేట్ అనేది మొత్తం సరుకు, రెండు టెరాబైట్ల పైనే. మన ఇళ్ళ డేటాకు అది వద్దు. ఇన్ఫినిటీ అనేది తీసుకోండి. ముందు చిన్నగా దిగుతుంది, మీరు ఏ ఆట నొక్కితే అది అప్పుడు దించుకుంటుంది. విండోస్ కంప్యూటరు ఉండాలి. వాళ్ళ సొంత సైట్ నుంచే దించుకోండి, ఎవరో వీడియో కింద ఇచ్చిన లింకు నుంచి కాదు.

వెతికేటప్పుడు హీరో పేరు ఒక్కటే కొడితే అభిమానులు చేసిన సొంత ఆటలు కూడా వరదలా వస్తాయి. బొమ్మ డబ్బా వెనక అచ్చైన సిరీస్ పేరు, సంవత్సరం, కంపెనీ పేరు కలిపి కొట్టండి. డబ్బా పారేశారా? బొమ్మ పాదం కింద అచ్చైన సంవత్సరం ఇక్కడ పనికొస్తుంది. ఆట పేరు గుర్తులేక ‘ఎర్రవాడు ఎగురుతూ రాళ్ళు కాలుస్తాడు’ అని మాత్రమే గుర్తున్నవాళ్ళు ఆ సంవత్సరం సినిమా పేరుతో వెతికితే త్వరగా దొరుకుతుంది.

మూడో దారి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైట్. 2020 నవంబరు నుంచి అక్కడ ఫ్లాష్ ఆటలు పెట్టి, రఫుల్ సాయంతో బ్రౌజరులోనే నడిపిస్తున్నారు, ఏమీ వేసుకోనక్కర్లేదు. అక్కడే వేబ్యాక్ మెషీన్ అనే చోట కంపెనీ పాత వెబ్‌సైట్ పేరు కొడితే ఏ సంవత్సరం పేజీ ఎలా ఉండేదో వస్తుంది. అందులో ఆట దొరకడం మాత్రం అదృష్టమే. ఆట మొదటి ఫైలు దాచి, లోపలి లెవెల్ ఫైళ్ళు దాచకపోతే ‘లోడింగ్’ గీత తొంభై తొమ్మిది దగ్గర ఆగి అలాగే కూర్చుంటుంది. అక్కడ ఎంతసేపు చూసినా లాభం లేదు, ఫ్లాష్‌పాయింట్‌కు పోండి.

బొమ్మల వెంట వచ్చిన ఆటల్లో ఒక్కటే ఆడాలంటే ఏది అని అడిగితే నేను మాటా నుయి ఆన్‌లైన్ గేమ్ అంటాను. 2001లో బయోనికిల్ బొమ్మలతో పాటు లెగో సైట్‌లో భాగాలు భాగాలుగా వచ్చింది. కాల్పులు, తన్నులు ఉండవు. సముద్రపు ఒడ్డున మొదలవుతుంది. టకువా అనే చిన్న ద్వీపవాసి మీరే. మౌసుతో నొక్కుతూ ఊరూరా తిరగాలి, మనుషులతో మాట్లాడాలి, చిక్కులు విప్పాలి. డబ్బాలో ఉన్న ఎర్ర, నీలి, తెల్ల వీరులు ఇందులో అప్పుడప్పుడు పెద్దమనుషుల్లా ఎదురవుతారు. బొమ్మ అమ్ముకోవడానికి చేసిన ఆట అయినా బొమ్మ లేనివాడు కూడా ఆడి మెచ్చుకునేలా చేశారు. అంతా ఇంగ్లీషు చదవాలి, అదొక్కటే ఇబ్బంది. మా అక్క కొడుకు పక్కన నన్ను కూర్చోబెట్టుకుని "మామా, ఇదేమంటోంది?" అంటూ ఆడాడు.

కొన్ని ఆటలు ఎవరి దగ్గరా దొరకవు, దొరికినా నడవవు. స్కోర్లు, ఖాతాలు, డబ్బాలోని కోడ్ కొడితే తెరుచుకునే ఆయుధాలు, ఇవన్నీ కంపెనీ సర్వర్లో ఉండేవి. సర్వర్ ఆగాక ఆ కోడ్ చీటీ ఉత్త చీటీ. ‘కోడ్ వాడని డబ్బా’ అని ఎవరైనా రేటు పెంచితే నవ్వి వచ్చెయ్యండి.

ఆట తెరుచుకుంది గానీ బాణం గుర్తులు నొక్కితే పేజీ కిందికి పోతోంది, హీరో కదలడం లేదు. రోజూ వచ్చే ఫిర్యాదు ఇది. తెరమీద ఆట కనబడే చోట మౌసుతో ఒకసారి నొక్కండి, అప్పుడు కీబోర్డు నొక్కుళ్ళు ఆటకు వినబడతాయి. శబ్దం రాకపోతే కూడా అదే నొక్కుడు, బ్రౌజరు అనుమతి లేకుండా శబ్దం రానివ్వదు. చిన్నగా కనబడుతుంటే రైట్ క్లిక్ చేస్తే ఫుల్‌స్క్రీన్ వస్తుంది.

ఫోన్లో ఆడొచ్చా అంటే, సగం. ఫ్లాష్ బతికున్న రోజుల్లోనే ఐఫోన్‌కు అది రాలేదు. రఫుల్ ఉన్న సైట్ ఫోన్లో తెరిస్తే వేలి నొక్కుడు మౌసు నొక్కుడులా పనిచేస్తుంది, కాబట్టి మాటా నుయి లాంటివి నడుస్తాయి. బాణం గుర్తులు, స్పేస్‌బార్ కావాల్సిన ఎగిరే ఆటలకు కీబోర్డు ఉండాలి. ఓటీజీ పిన్ను పెట్టి కంప్యూటరు కీబోర్డు ఫోన్‌కు తగిలించొచ్చు. పిన్ను తక్కువలోనే వస్తుంది, పిల్లాడు మంచం మీద బోర్లా పడుకుని ఆడటానికి సరిపోతుంది.

చివరగా సేవ్ సంగతి. బ్రౌజరులో రఫుల్ మీద ఆడితే మీరు ఎక్కడిదాకా వచ్చారో ఆ బ్రౌజరు డేటాలోనే ఉంటుంది. హిస్టరీ చెరిపేటప్పుడు ‘కుకీలు, సైట్ డేటా’ కూడా టిక్ పెడితే ఆట మొదటికొస్తుంది. ప్రైవేట్ విండోలో ఆడితే మూయగానే పోతుంది. ఎక్కువ రోజులు సాగే ఆట ఆడాలనుకుంటే ఆటకంటూ విడిగా ఒక బ్రౌజరు పెట్టుకోండి, బ్యాంకు పనులు, బడి పనులు ఇంకోదానిలో చూసుకోండి. మాటా నుయిలో సగం ద్వీపం తిరిగిన పిల్లాడి ల్యాప్‌టాప్‌ను "స్లో అయింది అన్నా, మొత్తం క్లీన్ చెయ్యి" అని వాళ్ళ నాన్న నా దగ్గరికి తెస్తే, చెయ్యి పెట్టే ముందు నేను పిల్లాడికి ఫోన్ చేయిస్తాను.